పసుపు తగిలిన దారాలు

శ్రావణ శుద్ధ పాడ్యమి, సోమవారం

తేమ అరవై నాలుగు. పురుగు లేదు. తాళం సరి.

కిటికీ అద్దాల మీద పొగమంచు నీళ్లు కారుతుంటే తుడిచాను. రెండో అరలో వేపాకు మార్చాను. పిల్లల పుస్తకాల మూటలు ముప్పై ఎనిమిదీ ఉన్నాయి.

ఈ పుస్తకంలో తేమ, పురుగు, తాళం తప్ప వేరే ఏమీ రాయకూడదని మొదటి పేజీలో అచ్చయి ఉంది. పంతొమ్మిదేళ్లుగా నేను రాయలేదు. ఇవాళ రాస్తున్నాను. నిన్న మా ఆరో మెట్టు సభలో జరిగిన సంగతి సభ పుస్తకంలో ఎక్కించలేదని తెలిసింది. ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

ఈ వారం పొగమంచు పలచగా పడింది. దాన్ని పట్టే వలల్లో నీళ్లు సగమే దిగాయి. ఆ సగంలోనూ ముందు కొండ మీద మాకు పైనున్న మెట్ల ఇళ్లకు వదిలి, మిగిలితే మాకిస్తామని కమిటీ పెద్ద సన్యాసిరావు గారు చెప్పారు. అందరం తలలూపాం. అప్పుడు నా మనవరాలు అసిరి లేచింది. దానికి ఎనిమిదేళ్లు. వాళ్లమ్మ గాలిమరల పని మీద నెలలో ఇరవై రోజులు వేరే కొండ మీద ఉంటుంది. పిల్ల నా దగ్గరే పెరుగుతోంది.

"వలలు కుట్టింది మా మెట్టోళ్లు. కట్టింది మా మెట్టోళ్లు. నీళ్లు ముందు పైకెందుకెల్తన్నాయి?" అని అడిగింది.

నేను దాని చెయ్యి పట్టి కూర్చోబెట్టి నోరు ముయ్యమన్నాను. ఆ మాట కూడా రాయాలి, రాస్తున్నాను.

ఇవాళ సన్యాసిరావు గారు ఈ పుస్తకాల గదికి వచ్చారు. ఆయన కూతురు పైడమ్మదీ అసిరిదీ ఒకే ఈడు. కిందటేడు వైశాఖంలో ఇద్దరూ ఒకే రోజు మూటలు అందుకున్నారు. ఆయన అరల మధ్య ఒకసారి తిరిగి నా బల్ల ముందు నిలబడ్డారు.

"ఏటి సింహాచలమ్మా, మీ గుంట సభలో నన్ను నిలదీస్తాది. నా గుంటేమో ఎవులు ఏటన్నా తలూపుతాది. అందరూ తిన్నాకే కంచం ముందు కూకుంటాది. అలగ ఉండాల్సింది ఇలగ, ఇలగ ఉండాల్సింది అలగ అయిపోనాది. నీ గదిలోనే ఏటో తేడా జరిగింది."

కింది పట్నానికి రాస్తానని చెప్పి వెళ్లిపోయారు. నేను ఏమీ అనలేదు. నేను ఎప్పుడూ ఏమీ అనను.

శ్రావణ శుద్ధ చవితి, గురువారం

తేమ అరవై ఆరు. పురుగు లేదు. తాళం సరి.

చిన్న పడవలో టపా వచ్చింది. పఠన శాఖ అధికారి భానుమూర్తి గారు పున్నమి పోటుకు పెద్ద పడవలో వస్తారట. రెండు మూటలు తారుమారయ్యాయని అనుమానమట. అది నిజమైతే అసిరిని మూడేళ్లు తిరగచదువు బడిలో ఉంచుతారు. అక్కడ సెలవులు ఉండవు, ఇంటివాళ్లు చూడడానికి వెళ్లకూడదు. పైడమ్మకు మాత్రం సరైన మూట ఇంటికే పంపుతారు.

టపాలో ఇంకో కాగితం ఉంది. దారాల కాగితం.

మా దగ్గర పిల్లలకు ఏడో ఏట పన్నెండు పుస్తకాల మూట ఇస్తారు. ఎవరికి ఏ మూటో కింది పట్నంలోని యంత్రం చెబుతుంది. పన్నెండేళ్లు వచ్చేదాకా ఆ పుస్తకాలే చదవాలి. ఒకరి మూట ఒకరు ముట్టుకోకూడదు, అది ఎంగిలి. పిల్లలు మధ్యాహ్నం ఇక్కడికి వచ్చి ఒకరికొకరు వీపులు తిప్పుకుని కూర్చుని చదువుకుంటారు. పొరపాటున పక్కవాళ్ల పుస్తకం తీస్తే నేనే పసుపు నీళ్లతో చేతులు కడిగిస్తాను. మూట మీద దారం ఒక రంగు, పిల్ల చీటీ మీద చుక్క అదే రంగు. రెండూ జత చూసి ఇవ్వడం నా పని. రంగులకు అర్థం ఉంటుందని పంతొమ్మిదేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు.

కాగితంలో ఇలా ఉంది. నీలం: ఎత్తులెక్కడం, తాళ్లపని. ఎరుపు: యంత్రాలు. తెలుపు: ఓర్పు, సేవ, ఎదురు చెప్పకపోవడం. పసుపు: ప్రశ్న, నిర్ణయం, పెద్దరికం.

కిందటేడు వైశాఖంలో మూటలు పంచే ముందురోజు తదియ. అప్పన్న స్వామికి చందనం ఒలిచి నిజరూపం చూపించే రోజు. ఇక్కడ చందనం దొరకదు. పిల్లలు మొదటిసారి పుస్తకం పట్టుకుంటారు, శుభంగా ఉంటుందని పసుపు కలిపి పంచబోయే మూటల దారాలన్నిటికీ నా చేత్తో రాశాను. తెల్లారి చూస్తే తెల్ల దారమూ పసుపు దారమూ ఒక్కలాగే ఉన్నాయి. నీలం, ఎరుపు తెలిశాయి. మిగిలిన మూటలు రెండే, అసిరిదీ పైడమ్మదీ. ఏది తెలుపో ఏది పసుపో తెలియక, విప్పి చూస్తే ఎంగిలి కాబట్టి, స్వామి మీద భారం వేసి చేతికి వచ్చినట్టు ఇచ్చాను.

అసిరికి తెలుపు రాసిపెట్టారు. పసుపు వెళ్లింది.

శ్రావణ శుద్ధ షష్ఠి, శనివారం

తేమ చూడలేదు.

శనివారం ఒంటిపూట ఉంటాను. ఆకలి తెలియలేదు. గది వెనక పాత రిజిస్టర్లున్న పెట్టె తీశాను. నలభై మూడేళ్ల కిందటిది వెతికాను. నా పేరు దొరికింది.

"సింహాచలం, ఏడేళ్లు, ఆరో మెట్టు. తెలుపు." పక్కన వేరే సిరాతో, నాకు పదహారేళ్లప్పటి తేదీతో ఇంకో వరుస. "ఫలితం సంతృప్తికరం. స్వరం మృదువు. అడగదు. గదుల సంరక్షణకు పనికొస్తుంది."

ఆ వరుస ఎన్నిసార్లు చదివానో తెలియదు.

చిన్నప్పటి నుంచీ అందరూ అనేవారు, సింహాచలం నోట్లో నాలుక లేదని, బంగారం లాంటి పిల్లని. పెళ్లిలో మా అత్తగారు కూడా అదే అన్నారు. అది నా గుణం అనుకున్నాను. దేవుడిచ్చాడనుకుని దీపం దగ్గర రోజూ దండం పెట్టాను. అది దేవుడిచ్చింది కాదు. పన్నెండు పుస్తకాలుగా మూటకట్టి, తెల్ల దారం చుట్టి, ఎవరో చేతికిచ్చారు.

ఆ పన్నెండూ నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. దడి బయట రోజంతా అరవకుండా నిలబడ్డ దూడకు చివర్లో పాలు దొరుకుతాయి. కుండ పగలగొట్టావని అందరూ తిట్టినా మాట్లాడని పిల్ల కథ ఒకటి. నిజం దానంతట అదే బయటికి వస్తుంది, అందరూ వచ్చి పిల్లను ఎత్తుకుంటారు. పన్నెండు కథల్లోనూ నోరు మూసుకున్నవాళ్లే గెలుస్తారు. ఒక్కదాంట్లోనూ ఓడిపోరు. ఒక్కదాంట్లోనూ.

మా ఆయన గాలిమర స్తంభం మీద నుంచి పడి చనిపోయి ఇరవై రెండేళ్లయింది. ఆయనే అజాగ్రత్తగా ఎక్కాడని రాసుకున్నారు. తెగిన తాడు కొస నా చేతిలో ఉంది. లోపల పీచు నల్లగా కుళ్లిపోయి ఉంది. చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. నేను ఆ కొసను కొంగులో పెట్టుకుని కమిటీ గుమ్మం దగ్గర మూడు రోజులు కూర్చున్నాను, ఎవరైనా వచ్చి అడుగుతారని. ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. నిజం దానంతట అదే వస్తుందని నిజంగా నమ్మాను. ఏడేళ్లప్పుడు చదివింది ఇరవై ఎనిమిదేళ్లప్పుడు కూడా నమ్మాను. అదే తాడు చుట్టలోంచి కోసిన ఇంకో తాడు తెగి, మరుసటేడు ఇంకొకతను పడ్డాడు. అతని పేరు గురుమూర్తి. పెళ్లి కూడా కాలేదు.

నేను ఆ రోజు అరిచి ఉంటే అతను ఉండేవాడు.

ఇప్పుడు నాకు కోపం వస్తోంది. కోపం ఎలా ఉంటుందో సరిగా తెలియదు, అందుకే కడుపులో నొప్పి అనుకుని ముందు వాము నమిలాను. నొప్పి కాదు.

దండం పెట్టుకోవడం కూడా వాళ్లు పెట్టిందేనా అని భయం వేసి, పన్నెండు కథలూ మళ్లీ తలచుకున్నాను. ఎక్కడా దేవుడు లేడు. దీపం పెట్టడం మా నాయనమ్మ నేర్పింది. ఆ ఒక్కటీ నాదే. స్వామి ఉగ్రరూపం చూడలేక ఏడాది పొడవునా చందనం పూసి ఉంచుతారని కూడా ఆవిడే చెప్పింది. నాకు నలభై మూడేళ్లుగా పూశారు.

శ్రావణ శుద్ధ అష్టమి, సోమవారం

తేమ అరవై అయిదు. మూడో అరలో పురుగు, తీసేశాను.

మధ్యాహ్నం పైడమ్మ అందరికంటే ముందు వచ్చింది. పిల్లలు కూర్చునే చాపలు పరిచింది. నేను చెప్పలేదు. చాప అంచుల్లో ఉన్న మట్టి కూడా చేత్తో దులిపింది. అమ్మమ్మా, ఇలాగేనా అని అడిగినప్పుడు దాని గొంతు నాకు సరిగా వినబడలేదు. ఏడాది కిందట ఈ పిల్ల గోడలెక్కేది. దీనికి నేనే ఈ పుస్తకాలు ఇచ్చాను. తెలియక ఇచ్చానన్న మాట నాకు చాలడం లేదు.

అసిరిని పిలిచి, దాని మూట తెమ్మన్నాను. పైడమ్మ మూట కూడా తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాను. ఇవాళ్టి నుంచి రెండూ ఇద్దరూ చదవండి అన్నాను.

పైడమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఎంగిలి కదమ్మమ్మా."

"కాదు," అన్నాను. "నేను అబద్ధం చెప్పాను. నాకు చెప్పినవాళ్లూ అబద్ధమే చెప్పారు. పుస్తకానికి ఎంగిలి లేదు."

అసిరి నా ముఖం చూసి నవ్వింది. "మరి నా చేతులు పసుపు నీళ్లతో అన్నిసార్లెందుకు తోమీసినావు?"

పైడమ్మకు అసిరి మూటలోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చాను. కాలవ ఎక్కడ పుడుతుందో చూస్తానని, వద్దన్నవాళ్లందరినీ దాటుకుని కొండెక్కే పిల్ల కథ. పైడమ్మ వేలు పెట్టి చదువుతూ సగంలో ఆగింది. "ఈ పిల్లని ఎవులూ కొట్టరేటి?" అని అడిగింది. కొట్టరు, చదువు అన్నాను.

నేను లోపలికి వెళ్లి అరల వెనక నిలబడ్డాను. ఏడేళ్ల పిల్లలకు రాసిన పుస్తకాలవి. అన్నీ ఒకే గదిలో ఉన్నాయి. నలభై మూడేళ్ల కిందట కూడా ఇదే గదిలో, నాకు మూడు బారల దూరంలో ఉన్నాయి. నేను వీపు తిప్పుకుని కూర్చుని దూడ కథ చదువుకున్నాను.

శ్రావణ శుద్ధ దశమి, బుధవారం

తేమ అరవై మూడు.

వలలు బాగుచేసే రోజు. ఆరో మెట్టు ఆడవాళ్లందరం అంచున కూర్చుని చిరుగులు కడతాం. మా తాతల కాలంలో ఈ ముడులతోనే చేపలు పట్టేవారట. ఇప్పుడు చేపల బదులు మంచు. నేను పాత రిజిస్టర్లు కొంగు కింద పెట్టుకుని వెళ్లాను. గది దాటించకూడదు. దాటించాను.

ముందు దాలమ్మ వదినకు చూపించాను. వలపనిలో ఆవిడే పెద్ద, అందరికీ మాట అంటించేది ఆవిడే. ఆవిడ పేరున్న వరుస మీద వేలు పెట్టి నేనే చదివాను. తెలుపు. ఫలితం మధ్యస్థం. నోరు ఉంది, పనికి అడ్డు కాదు.

దాలమ్మ వదిన "నోరుందని రాసినోడు బతికున్నాడేటి? ఉంటే ముద్దెట్టుకుందును," అంది. కొందరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. వలలో సగం వేసిన ముడి విప్పేసింది.

తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. నాది సూడు, మా సెల్లిది సూడు, మాయమ్మది ఉందా అని. అరవై నాలుగు మందిలో అరవై ఒక్కరిది తెలుపు. ఒకామె పేరు పక్కన, భర్త కొట్టినా ఫిర్యాదు చేయదు అని మెచ్చుకుంటూ రాసి ఉంది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమె ఆ వరుస రెండోసారి చదివించుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్లీ సూది తీసుకుంది. సూది చాలాసేపు అలాగే చేతిలో ఉంది.

ఎవరూ అరవలేదు. ఎవరూ ఏడవలేదు. అరవడం మాకు రాదు. పున్నమి పోటుకు అసిరిని తీసుకుపోవడానికి వస్తున్నారని చెప్పాను. ఏం చెయ్యాలో నాకూ తెలియదని చెప్పాను.

దాలమ్మ వదిన వల మడిచి పక్కన పెట్టింది. "మనకొచ్చింది ఒక్కటే కదే సింహాచలం. కూకోడం. అదే సేద్దాం," అంది.

శ్రావణ పూర్ణిమ, సోమవారం

తేమ, పురుగు, తాళం ఇక నేను చూడను. తాళంచెవులు ఇచ్చేశాను. ఈ పుస్తకం ఇవ్వలేదు.

పెద్ద పడవ పొద్దున్నే వచ్చింది. నీళ్లలో మునిగిన మేడల మీదుగా రావాలి కాబట్టి పెద్ద పోటులోనే రాగలదు. ఆ పోటులోనే తిరిగి వెళ్లాలి. కాస్త ఆలస్యమైతే పడవ అడుగు మేడల కప్పులకు తగులుతుంది, మళ్లీ అమావాస్య దాకా కదలదు.

భానుమూర్తి గారు మర్యాదస్తులు. చెప్పులు గుమ్మం బయటే విడిచారు. పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి యంత్రం పంపిన ప్రశ్నలు అడిగారు. మీ కుండ ఎవరో పగలగొట్టారు, ఏం చేస్తావు అని పైడమ్మను అడిగారు. పైడమ్మ ఆలోచించి, ముందు ముక్కలు ఏరుతానని, తర్వాత పగలగొట్టిందెవరో అడుగుతానని చెప్పింది. ఆయన కాగితంలో ఆ జవాబుకు గడి లేదు. ఏది రాయాలో తెలియక కలం పట్టుకుని ఉండిపోయారు.

మూటలు చూశారు. దారాలు చూశారు. పసుపు నేనే రాశానని చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. అదే నాకు ఎక్కువ మండింది.

"భక్తితో చేశారు, తెలియక చేశారు. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరమ్మా," అన్నారు. "పిల్ల మూడేళ్లలో తిరిగి వచ్చేస్తుంది. మీలాగే చక్కగా, నెమ్మదిగా తయారవుతుంది."

నేను అరవాలనుకున్నాను. స్వామి సాక్షిగా అరవాలనుకున్నాను. నోరు తెరిచాను. వచ్చింది ఎప్పటి గొంతే.

"నాలాగ వద్దు," అన్నాను.

వినబడలేదమ్మా అన్నారు ఆయన. మళ్లీ అన్నాను. అదే గొంతు. ఆయన ఏదో సర్దుబాటు మాట అనుకుని తల ఊపి, అసిరి చెయ్యి పట్టుకుని బయటికి నడిచారు.

గది ముందు నుంచి రేవు దాకా నూట నలభై రాతి మెట్లు. ఇద్దరు పక్కపక్కన దిగేంత వెడల్పు. మెట్టు విడిచి మెట్టు మీద కాళ్లు చాపుకుని ఒక్కో ఆడమనిషి కూర్చుని ఉంది. వల దగ్గరికి వచ్చినవాళ్లందరూ ఉన్నారు. కొందరు వాళ్ల అత్తలను కూడా తెచ్చారు. వలలు ఒళ్లో వేసుకుని ముడులు వేస్తున్నారు. ఎవరూ పైకి చూడలేదు.

అధికారి జరగమన్నారు. ఎవరూ జరగలేదు. మంచి మాటగా చెప్పారు, గట్టిగా చెప్పారు, కాగితం తీసి చదివారు. దాలమ్మ వదిన దారం కొరికి, వలకు ఇంకో కన్ను కట్టింది. ఆయన పడవవాళ్లను పిలిచి పిల్లను ఎత్తుకుని దాటమన్నారు. వాళ్లిద్దరూ కింది మెట్టు దగ్గరే ఆగిపోయారు.

"తల్లి ఈడు ఆడోళ్లని దాటి ఎలగెల్తావండి? కళ్లు పోతాయి," అన్నాడు పెద్దవాడు.

సన్యాసిరావు గారు వచ్చి కేకలేశారు. వరుసలో నాలుగో చోట ఆయన కూతురు కూడా ఉంది. కాళ్లు పొట్టివి, మెట్టు సగమే అందాయి. రమ్మని పిలిచారు. పైడమ్మ లేవలేదు. గొంతు పెంచలేదు. "రాను నాన్నా," అని, పక్కామె ఒళ్లో వల అంచు సరిచేసింది.

నేను అసిరి రెండో చెయ్యి పట్టుకుని మొదటి మెట్టు మీద కూర్చున్నాను. ఎదురుచూడడం మాకు నేర్పించి నలభై ఏళ్లు దాటింది. ఎండ వచ్చింది, కూర్చున్నాం. పిల్లలకు గంజి తెచ్చి ఇచ్చారు, కూర్చునే తాగించాం. భానుమూర్తి గారు నిలబడ్డారు, తిరిగారు, గడియారం చూసుకున్నారు. ఆయన ఏ రంగు దారంతో పెరిగారో తెలియదు, ఆయన మూటలో మాత్రం ఎదురుచూడడం ఉన్నట్టు లేదు. రేవులో నీళ్లు మెల్లగా దిగడం మొదలైంది. మునిగిన మేడ మీది పిట్టగోడ పైకి తేలగానే పడవవాళ్లు వెళ్దామని అరిచారు.

ఆయన అసిరి చెయ్యి వదిలారు. అమావాస్యకు వస్తానన్నారు. నేను ఆయనను ఆపి, ఇంతవరకు ఎవరికీ చెప్పని తాడు సంగతి మొత్తం చెప్పాను. మా ఆయన పేరు, గురుమూర్తి పేరు, రెండూ రాసుకోమన్నాను. ఆయన నిలబడే రాసుకున్నారు. సన్యాసిరావు గారు ఆ సేపంతా సముద్రం వైపు చూస్తున్నారు. ఆ సంవత్సరం గాలిమర తాళ్లు చూసుకున్నది ఆయనే.

ఆడవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. భానుమూర్తి గారు ఒక్కరే దిగి వెళ్లారు.

ఈ ఓర్పు ఆ పుస్తకాలు ఇచ్చిందే కదా, మంచే జరిగింది కదా అని ఎవరైనా అంటారేమో. నాతో అనొద్దు. గురుమూర్తి తల్లి కూడా ఇవాళ ఆ మెట్ల మీదే కూర్చుంది. ఆ పుస్తకాలకు నేను దండం పెట్టను.

పడవ పిట్టగోడలు తప్పించుకుంటూ మలుపు తిరుగుతుంటే అసిరి మెట్ల చివరిదాకా పరుగెత్తింది. నడుం మీద చేతులు పెట్టుకుని, గొంతు చిరిగేలా తిట్టడం మొదలుపెట్టింది. పడవవాళ్లను, పట్నాన్ని, యంత్రాన్ని, చివరికి సముద్రాన్ని కూడా. కొన్ని మాటలు ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు. మెట్ల మీద అందరూ నా వైపు చూశారు, నేను ఆపుతానని.

నేను ఆపలేదు.